ఖానావళిలో రెండో తాట్

మటన్ గురించి మన తెలుగోళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. షోలాపూర్ తూర్పు పేటల్లో ఆదివారం పొద్దుగాల ఏ గల్లీలోకి పోయినా అల్లం వెల్లుల్లి నూరుతున్న వాసనే ఎదురొస్తుంది. మటన్ దుకాణం ముందు సంచి పట్టుకొని నిలబడ్డ వరుసలో సగం మంది మనవాళ్ళే. కానీ నేనిప్పుడు రాసేది ఇంటి కూర గురించి కాదు. మహారాష్ట్ర వాళ్ళ మటన్ గురించి, అది కూడా బయట ఖానావళిలో కూర్చొని తినే మటన్ గురించి.

నేను చదివింది నాలుగో తరగతి, మున్సిపాలిటీ తెలుగు బడిలో. తప్పులుంటే మన్నించండి. ఇరవై ఏళ్ళు మిల్లులో, ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా టవల్ కార్ఖానాలో పని చేశాను. నాకు రాయడం కంటే తినడమే బాగా వచ్చు. ఎక్కడ ఏది తినాలో, ఎట్లా తినాలో చెప్తాను. దాంతో పాటు ఒక లెక్క కూడా చెప్పాలి. అది నా సొంత లెక్క. చదివే అన్నల్లో చాలా మందికి అలాంటి లెక్కే ఉంటుందని నా అనుమానం.

పగారు రోజు

1975లో బదలి కార్మికునిగా మిల్లులో చేరాను. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. బదలి అంటే పాతవాళ్ళకు తెలుసు. భోంగా మోగకముందే గేటు కాడ నిలబడాలి. ఎవరన్నా పనికి రాకుంటే వాళ్ళ మగ్గాలు మన చేతికి వస్తాయి. అందరూ వస్తే మనం ఖాళీ చేతుల్తో ఇంటికి పోవాలి. అట్లా నెలలో పది రోజులు, పన్నెండు రోజులు పని దొరికేది.

మొదటిసారి నెలంతా పని దొరికిన నెల పగారు పదో తారీకున చేతికొచ్చింది. మా ఖాతాలో ఒక పాత నేతగాడు ఉండేవాడు. నేను మామా అని పిలిచేవాణ్ణి. ఆయన నా భుజం మీద చెయ్యేసి, "అరే పిలగా, పగారు తీస్కొని సీదా ఇంటికి పోయెటోడు నేతగాడు ఎట్లయితడురా? నడువ్" అన్నాడు.

మిల్లు గోడ వెనక సందులో రెండు గదుల ఇల్లు. అదే ఖానావళి. నడిపేది ఒక మరాఠీ అమ్మ. అందరూ మావశీ అనేవాళ్ళు. ఆమె మొగుడు మా మిల్లులోనే పని చేసి చనిపోయాడట. ఇద్దరు పిల్లలతో ఆమె వంట పెట్టుకొని బతికింది. ముందు గదిలో కింద పీటలు. వెనక గదిలో పొయ్యి. పగారు రోజు రెండు గదులూ మొగోళ్ళతో నిండిపోయేవి. బయట అరుగు మీద ఇంకో పదిమంది తమ పాళీ కోసం చూస్తూ ఉండేవాళ్ళు.

మావశీ నా ముందు ఒక ఇత్తడి తాట్ పెట్టింది. తాట్ అంటే మన పళ్ళెం. అందులో నాలుగు తునకలు, కోసిన ఉల్లిగడ్డ, నిమ్మ చెక్క. పక్కన గిన్నెలో రస్సా. ఆ రస్సా చూసి నాకు భయమైంది. నల్లగా ఉంది. మాడిపోయిందేమో అనుకున్నాను. నోట్లో పెట్టుకున్నాక తెలిసింది, అది మాడటం కాదు, ఓపిక.

ఆ నలుపు ఎట్లా వస్తుందో చాలా ఏళ్ళ తర్వాత మావశీనే చెప్పింది. ఎండు కొబ్బరి, ఉల్లిగడ్డ సన్న మంట మీద నల్లబడేదాకా వేయించాలి. ధనియాలు, నువ్వులు, లవంగాలు, దాల్చిన చెక్క, దగడ్ ఫూల్ అనే రాతిపువ్వు విడివిడిగా వేయించాలి. ఎండు మిరపతో కలిపి దంచాలి. దాన్నే కాళా మసాలా అంటారు. మంట పెద్దదైతే చేదు వస్తుంది, చిన్నదైతే నలుపు రాదు. మన ఇండ్లలో కూడా ఎండు కొబ్బరి, గసాలు, ధనియాలు వేస్తాం. కానీ ఇంత నల్లగా వేయించం. మన కూర అల్లం వెల్లుల్లి మీద నిలబడుతుంది. వాళ్ళ రస్సా వేయించిన మసాలా మీద నిలబడుతుంది. తేడా అంతా అక్కడే.

రస్సాతో తినేది కడక్ భాకరీ. షోలాపూర్ పేరు చెప్తే చద్దరు తర్వాత చెప్పుకోవాల్సింది ఇదే. మన జొన్న రొట్టెనే పల్చగా చేసి, కాల్చి, అప్పడం లాగా పెళపెళలాడేదాకా ఆరబెడతారు. చాలా రోజులు నిలువ ఉంటుంది. ఈ జిల్లా జొన్నకు, ముఖ్యంగా మంగళవేఢా జొన్నకు, మంచి పేరు. మామ నాకు నేర్పాడు: "చేత్తోని చూర చెయ్. తాట్ల ఎయ్. మీద రస్సా పొయ్యి. జర ఆగు. ఇగ తిను." ఆ చూర రస్సాను పీల్చుకుంటుంది. సగం మెత్తగా, సగం పెళుసుగా ఉన్నప్పుడే తినాలి. ముక్కు కారింది, కండ్లల్ల నీళ్ళొచ్చాయి. రెండో గిన్నె రస్సా పోయించుకున్నాను. అప్పుడు తాట్‌కు మూడు రూపాయలు. రస్సా ఎంత తాగినా లెక్క లేదు.

ఆ రోజు ఇంటికి పోయాక మా అమ్మ అన్నం పెట్టింది. ఆకలి లేదన్నాను.

మిల్లు ఉన్న కాడ ఖానావళి

ఈ ఖానావళ్ళు ఎందుకు పుట్టాయో మన పిల్లలకు తెలియదు. అందుకని కొంచెం చెప్తాను.

షోలాపూర్‌లో మొదటి మిల్లు 1877లో మొదలైంది. మనం జునీ గిరణీ అనేది దాన్నే. అదే ఏడు నాగపూర్‌లో జంషెట్జీ టాటా ఎంప్రెస్ మిల్లు మొదలైంది. కొల్హాపూర్‌లో 1906లో శాహూ మహారాజు మిల్లు పెట్టించారు. ముంబయిలో అయితే మిల్లులతో ఒక ఊరే తయారైంది, దాన్ని గిరణ్‌గావ్ అన్నారు. అక్కడికి కొంకణం నుంచి, సాతారా, కొల్హాపూర్ వైపు నుంచి మొగోళ్ళు ఒంటరిగా వచ్చారు. పెండ్లాం పిల్లలు ఊళ్ళో, వీళ్ళు చాల్‌లో ఒక గదిలో పదిమంది. వాళ్ళకు వండి పెట్టేవాళ్ళు కావాలి. చాల్‌లో ఉండే ఆడవాళ్ళు, సగం మంది మిల్లు కార్మికుల భార్యలే, తమ ఇంట్లోనే పది మందికి, ఇరవై మందికి వండి పెట్టారు. నెల ముగిశాక, పగారు వచ్చాక డబ్బులు. ఖానావళి అంటే అది.

ఆ ఆడవాళ్ళు బియ్యం, పప్పు అప్పు మీద తెచ్చి వండేవాళ్ళు. వడ్డీలకు చితికిపోయేవాళ్ళు. 1975లో ప్రేమా పురవ్ అనే ఆమె అన్నపూర్ణ మహిళా మండల్ పెట్టి ఈ ఖానావళి ఆడవాళ్ళను కూడగట్టింది, బ్యాంకు అప్పులు ఇప్పించింది. 1982 జనవరి 18న ముంబయి మిల్లుల సమ్మె మొదలైనప్పుడు మా పెదనాన్న కొడుకు వర్లీలో ఉండేవాడు. పగారు లేని నెలల్లో కూడా వాళ్ళ ఖానావళి అమ్మ అన్నం ఆపలేదని చెప్పేవాడు. ఆ అప్పు పూర్తిగా తీర్చకుండానే ఊరికొచ్చాననే బాధ ఆయనకు చివరిదాకా ఉండింది.

షోలాపూర్‌లో మన సంగతి వేరు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి మన సాలోళ్ళు ఎక్కువ మంది కుటుంబాలతో వచ్చారు. మనకు ఇల్లు ఉంది, ఇంట్లో వండే మనిషి ఉంది. ఖానావళి మనకు అవసరం కాదు. అయినా పోయాం. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఎక్కడ ఏది తినాలి

మహారాష్ట్ర మటన్ అంటే ఒకటి కాదు. జిల్లా మారితే రస్సా రంగు మారుతుంది.

నాగపూర్ పోతే సావజీ భోజనాలయంలో తినండి. మా షడ్డకుని బిడ్డ పెండ్లికి పోయినప్పుడు గోళీబార్ చౌక్ వైపు తీసుకపోయారు. నాగపూర్ సావజీలు హల్బా కోష్టీలు, అంటే మనలాంటి నేతగాళ్ళే. మగ్గం పని తగ్గిపోయినప్పుడు ఇంటి వంటనే బతుకుదెరువు చేసుకున్నారు. పాతకాలం ఇండ్లలో అవిసె నూనెతో వండేవాళ్ళట. మసాలాలో మిరియాలు, షాజీరా, రాతిపువ్వు, గసాలు ఇంకా ఎన్నో పడతాయి. ఆ కారం నాలుక మీద కాదు, గొంతులో తెలుస్తుంది. నేను షోలాపూర్ వాణ్ణి, కారానికి భయపడను. అయినా రెండు చెంబుల నీళ్ళు తాగాను. హుబ్బళ్ళి, గదగ్ వైపు ఉండే మన పాఠకులకు కూడా సావజీ ఖానావళి తెలిసిందే. అక్కడి సావజీలు సోమవంశ సహస్రార్జున క్షత్రియులు. వాళ్ళకు కూడా పాత వృత్తి నేతనే. పని పోయిన చేతులు గరిటె పట్టుకున్నాయి. అందుకే నాకు సావజీ తాట్ ముందు కూర్చుంటే చుట్టాలింట్లో కూర్చున్నట్టు ఉంటుంది.

ముంబయిలో ఉంటే మాల్వణీ మటన్ దొరుకుతుంది. అది కొంకణం వంట. పచ్చి కొబ్బరి వేయించి నూరి వేస్తారు. దాంతో వడే ఇస్తారు. వడే అంటే మన గారె కాదు, బియ్యం పిండి, మినప్పిండి కలిపి పూరీలాగా కాల్చింది. చివర సోల్ కఢీ ఇస్తారు. కోకం పులుపు, కొబ్బరి పాలు కలిపిన గులాబి రంగు నీళ్ళు. కారం తిన్న కడుపును అది చల్లబరుస్తుంది. వద్దనకండి.

జళగావ్, ధుళే వైపు ఖాందేశీ మటన్. అది కూడా నల్లనే. జొన్నలు, మినుములు కలిపి విసిరిన పిండితో భాకరీ చేస్తారు, దానికి కళణ్యాచీ భాకరీ అని పేరు. చలికాలంలో తినాలి.

పుణె వైపు కొన్ని ఖానావళ్ళ బోర్డు మీద బోల్హాయీ మటన్ అని ఉంటుంది. అది కొత్త వంటకం అనుకొని మోసపోకండి. బోల్హాయీ అమ్మవారిని కొలిచేవాళ్ళు మేకను తినరు, గొర్రెనే తింటారు. బోర్డు ఉందంటే అక్కడ గొర్రె మాంసమే అని అర్థం. మన తెలంగాణ వైపు వాళ్ళకు గొర్రె కూర అలవాటే కాబట్టి నచ్చుతుంది.

ఇక కొల్హాపూర్. దాని కథ వేరే చెప్పాలి. ఎందుకంటే అక్కడికి నేను ఒక్కణ్ణే పోలేదు.

నా బిడ్డ అడిగిన మాట

1979లో నా పెండ్లయింది. మా ఇంటామె పెండ్లికి ముందు నుంచే బీడీలు చేసేది. రోజుకు వెయ్యి బీడీలు. ఆకు తడపడం, కత్తిరించడం, చుట్టడం, దారం కట్టడం, సాయంత్రం కార్ఖానాకు పోయి అప్పజెప్పడం. మధ్యలో వంట, పిల్లలు, మా అమ్మానాయినలు. ఇంట్లో మటన్ వండితే అరకిలో, తినేవాళ్ళం ఏడుగురం. ముందు మా నాయినకు, తర్వాత నాకు, తర్వాత పిల్లలకు. అందరూ తిన్నాక ఆమె గిన్నెలో అన్నం వేసి కలిపి తుడుచుకొని తినేది. ఇది మా ఇంటి సంగతి ఒక్కటే కాదని మీకు తెలుసు.

నేను మాత్రం పదో తారీకున ఖానావళికి పోవడం మానలేదు. పగారు తెచ్చి ఆమె చేతికిచ్చేవాణ్ణి. తక్కువెందుకుందని అడిగితే, "జాబర్‌కు చాయ్ తాపించిన" అనేవాణ్ణి. ఒక నెల జాబర్, ఒక నెల ముకాదం, ఒక నెల యూనియన్ చందా. ఆమె రెండోసారి అడిగేది కాదు.

తొంభైల్లో మిల్లు మూతపడింది. రావాల్సిన డబ్బులు చాలా ఏళ్ళకు, చాలా తక్కువ వచ్చాయి. ఆ రోజుల్లో మా ఇల్లు నడిచింది ఆ వెయ్యి బీడీల మీదనే. నాకు టవల్ కార్ఖానాలో పని దొరికేదాకా ఎనిమిది నెలలు ఆమె సంపాదన తిన్నాను. అప్పుడు ఖానావళి ముందు నుంచి పోవాల్సి వస్తే వేరే సందులోంచి తిరిగిపోయేవాణ్ణి. పని దొరికిన తర్వాత మళ్ళీ పోవడం మొదలుపెట్టాను. ఒక్కణ్ణే.

మా చిన్న బిడ్డను ఇచల్‌కరంజీలో ఇచ్చాం. అల్లుడు అక్కడ పవర్‌లూమ్ మీద పని చేస్తాడు. నిరుడు దసరా అయినంక ఇద్దరం వాళ్ళింటికి పోయాం. మాటల్లో నేను అలవాటు ప్రకారం మావశీ ఖానావళి, సావజీ మటన్ కథలన్నీ చెప్తున్నాను. అల్లుడు నవ్వుతూ వింటున్నాడు. మా బిడ్డ చేట కింద పెట్టి అడిగింది: "బాపూ, అమ్మ ఎన్నడన్న హోటల్ల కూసొని మటన్ తిన్నదా?"

నేను గుర్తు చేసుకున్నాను. చాయ్ తాగింది. సిద్ధేశ్వర్ జాతరలో భజ్జీలు తిన్నది. పెండ్లిళ్ళలో బంతిలో తిన్నది. ఖానావళిలో, తన ముందు తాట్ పెట్టించుకొని తిన్నదా? నలభై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా లేదు. నేను జవాబు చెప్పలేదు. మా ఇంటామె, "ఆడోళ్ళు పోయే జాగనా అది? ఊకో" అని బిడ్డనే కోప్పడింది.

కొల్హాపూర్‌లో

మర్నాడు బుధవారం. ఇచల్‌కరంజీ నుంచి కొల్హాపూర్ ఎంతో దూరం కాదు. బస్సులో పోయాం. మొదట అంబాబాయి గుడిలో దర్శనం. తర్వాత నేను ఖానావళి వైపు నడిచాను. ఆమె గడప దగ్గర ఆగిపోయింది. "అందరు మొగోళ్ళే ఉన్నరయ్యా. నువ్వు తినిరా, నేను గుడి కాడ కూసుంట" అన్నది. లోపల నిజానికి రెండు కుటుంబాలు కూడా ఉన్నాయి, ఆమె కంటికి మొగోళ్ళే కనపడ్డారు. వడ్డించే పిల్లగాడు చూసి, "యా కాకూ, బసా" అని కుర్చీ లాగాడు. రమ్మని, కూర్చోమని. అప్పుడు కూర్చున్నది, కొంగు చుట్టూ కప్పుకొని, కుర్చీ అంచు మీద.

రెండు తాట్లు చెప్పాను. పిల్లగాడు, "ఒకటి తీసుకొని రస్సా పంచుకోవచ్చు కాకా" అన్నాడు. ఖర్చు తగ్గుతుందని మంచికే అన్నాడు. వద్దు, రెండు తాట్లే అన్నాను. తాట్‌కు మూడొందల ఎనభై.

కొల్హాపూర్ తాట్‌లో మటన్ నాలుగు రూపాల్లో వస్తుంది. సుక్కా అంటే మసాలా పట్టిన పొడి తునకలు. తాంబ్‌డా రస్సా అంటే ఎర్ర రస్సా. పాంఢ్‌రా రస్సా అంటే తెల్ల రస్సా. అడిగితే అళణీ కూడా ఇస్తారు, అది ఉప్పు, అల్లం వెల్లుల్లి వేసి ఉడికించిన మటన్ నీళ్ళు, కారం ఉండదు. చిన్న పిల్లలకు, ముసలోళ్ళకు అదే ఇస్తారు. అసలు ఈ వంటకంతటికీ తల్లి అళణీనే. దాంట్లోంచే కొంత తీసి ఎర్ర రస్సా, కొంత తీసి తెల్ల రస్సా చేస్తారు. ఎర్రదాంట్లో కాందా లసూణ్ మసాలా పడుతుంది. ఎండ కాలంలో మిరప, ఉల్లి, వెల్లుల్లి, ఎండు కొబ్బరి, ధనియాలు, నువ్వులు కలిపి దంచి ఏడాదికి సరిపడా పెట్టుకుంటారు. తెల్లదాంట్లో కారప్పొడి గానీ పసుపు గానీ పడనివ్వరు. జీడిపప్పు, గసాలు, నువ్వులు నూరి వేసి, కొబ్బరి పాలు పోస్తారు.

మా ఇంటామె మొదట తెల్ల రస్సా గిన్నె ఎత్తి వాసన చూసింది. "ఇది పాయసమా?" అన్నది. ఒక గుక్క తాగింది. కండ్లు మూసుకొని నోట్లో తిప్పింది. తర్వాత లెక్క చెప్పింది: "కొబ్బరి పాలు. గసాలు. మిరియాలు జరంత. లవంగ తాలింపుల పడ్డది." నేను నలభై ఏళ్ళు తిని ఒక్క మసాలా కూడా గుర్తు పట్టినవాణ్ణి కాదు. ఆమె ఒక్క గుక్కకు పట్టింది.

పిల్లగాణ్ణి పిలిచి, తనకొచ్చిన మరాఠీలో అడిగింది, కొబ్బరి పాలు విరిగిపోకుండా ఎట్లా చేస్తారని. వాడికి తెలియదు. లోపలి నుంచి వంటామె తానే బయటికి వచ్చింది. పాలు పోసినాక మంట పెంచొద్దు, కలుపుతూనే ఉండాలి, తెర్లనీయొద్దు అని చెప్పింది. ఇద్దరూ బల్ల కాడ నిలబడి మాట్లాడుకున్నారు. ఒకరిది షోలాపూర్ మరాఠీ, ఒకరిది కొల్హాపూర్ మరాఠీ. నా రస్సా చల్లారిపోయింది గానీ నేను ఏమీ అనలేదు. మాట్లాడి కూర్చున్నప్పుడు చూశాను, ఇప్పుడు కుర్చీలో వెనక్కి ఆనుకొని కూర్చున్నది.

ఆమె తాట్‌లో సుక్కాలో ఒక మూలుగ బొక్క వచ్చింది. చూడగానే చేత్తో తీసి నా తాట్‌లో వేసింది. ఆలోచించి చేసింది కాదు, చెయ్యి అలవాటు. ఇంట్లో మూలుగ బొక్క ఎప్పుడూ మా నాయినది, తర్వాత నాది. నేను దాన్ని తీసి ఆమె తాట్‌లోనే పెట్టాను. "తిను" అన్నాను. ఆమె కొంచెం సేపు దాన్నే చూసింది. తర్వాత తీసుకొని, తాట్ అంచుకు తట్టి, మూలుగ పీల్చుకున్నది.

చేతులు కడుక్కొని వచ్చి సోంపు నములుతూ అన్నది: "నీ అంగీకి గిసొంటి వాసనే వచ్చేది."

నాకు అర్థం కాలేదు. ఎప్పుడని అడిగాను.

"పగారు నాడు. పదో తారీకు నాడు. జాబర్‌కు చాయ్ తాపిస్తే అంగీకి మటన్ వాసనొస్తదా? మర్నాడు అంగీ పిండేది నేనే గద."

"మరి అప్పుడెందుకు అడగలె?"

"అడిగితే ఏం జేస్తవ్? ఇంకో అబద్ధం చెప్తవ్. నెలంత భోంగాకు లేస్తున్నడు, ఒక్క దినం తింటే తిననీ అనుకున్న." కొంచెం ఆగి, "నాగ్గూడ జర తేవచ్చు గద అని మాత్రం అనుకునేదాన్ని" అన్నది.

కోపంతో అనలేదు. ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది. అందుకే నాకు ఇప్పటికీ పోవడం లేదు ఆ మాట. ఖానావళి నుంచి డబ్బాలో కూర కట్టించుకొని పోవచ్చు. మావశీ చాలాసార్లు అడిగేది కూడా, ఇంటికి రస్సా కావాలా అని. డబ్బా తీసుకుపోతే నేను తిన్న సంగతి బయట పడుతుందని వద్దనేవాణ్ణి.

పోయేవాళ్ళకు నాలుగు మాటలు

ఇప్పుడు ఖానావళ్ళు మారిపోయాయి. చాలా చోట్ల కుటుంబాలకు వేరే గది గానీ వేరే వరుస గానీ ఉంటుంది. ఆడవాళ్ళు పోయే జాగనా అని ఎవరూ అనుకోవాల్సిన పని లేదు. అయినా కొన్ని జాగ్రత్తలు చెప్తాను.

మధ్యాహ్నం పూట పోండి. పొద్దున వండిన రస్సా అప్పుడే తాజాగా ఉంటుంది, రద్దీ తక్కువ. రాత్రి పోతే కొన్ని చోట్ల తాగేవాళ్ళు ఉంటారు.

కూర్చోకముందే ధర అడగండి. రస్సా ఊరికే పోస్తారా, గిన్నెకు డబ్బులా, భాకరీలు ఎన్ని ఇస్తారు, అడగడంలో సిగ్గు లేదు. ఒక్కో చోట ఒక్కో పద్ధతి.

చిన్న పిల్లలుంటే కొల్హాపూర్ వంట దొరికే చోటికి పోయి అళణీ, తెల్ల రస్సా చెప్పండి. వాళ్ళకు సావజీ తినిపించొద్దు.

రస్సా మీద తేలే ఎర్ర నూనెను తర్రీ అంటారు. బీపీ ఉన్నవాళ్ళు, గుండె మందులు వాడేవాళ్ళు తర్రీ లేకుండా పోయమని చెప్పండి, ఉప్పు చూసుకోండి. నేను కూడా బీపీ గోళీ వేసుకునేవాణ్ణే.

ఆషాఢ అమావాస్య రోజు, గటారీ అంటారు కదా, ఆ రోజు మాత్రం పోకండి. మర్నాడు శ్రావణం మొదలవుతుందని ఊరంతా అక్కడే ఉంటుంది. వంట కంటే తోపులాట ఎక్కువ.

ఇక చివరి మాట. తాట్ ఒకటి చెప్పి ఇద్దరు పంచుకుంటే ఖర్చు తగ్గుతుంది. పైసలకు కష్టంగా ఉంటే అట్లనే చేయండి, తప్పు లేదు. కానీ బతుకులో ఒక్కసారైనా రెండు తాట్లు చెప్పండి. మన ఆడవాళ్ళు ఎప్పుడూ మన తాట్‌లో మిగిలిందే తిన్నారు. వాళ్ళ ముందు పూర్తి తాట్ ఒకటి పెట్టించి, ఎట్లా ఉందని అడగండి. మీరు అనుకోని జవాబులు వస్తాయి. వినండి.

నాకు వచ్చే పింఛను వెయ్యి చిల్లర. దాంతో ప్రతి నెలా ఖానావళికి పోలేం. రెండు నెలలకోసారి, బుధవారం నాడు, పోతున్నాం. మావశీ ఇప్పుడు లేదు. ఆమె కొడుకు అదే సందులో బల్లలు, కుర్చీలు వేసి నడుపుతున్నాడు. పోయినసారి మా ఇంటామె రస్సా రుచి చూసి ఆయన్ని పిలిచింది. "బాబూ, కొబ్బరి సరిగ వేగలె. మీ అమ్మ గిట్ల చేసేది గాదు" అన్నది. ఆయన, "మీరు మా అమ్మ చేతి వంట తిన్నారా మావశీ?" అని అడిగాడు.

"తినలే. వాసన తెలుసు" అన్నది.